మొదటి పిడికెడు

రోజు 1

మొదటి చేటలోనే గింజలు పైకప్పుకు తగిలాయి.

బాపట్ల దగ్గర మా ఇంట్లో పదేళ్ళ వయసు నుంచీ చెరిగినదాన్ని. చేట పట్టడం నాకు ఒకరు నేర్పాలా అని కాస్త గర్వంగానే పీట మీద కూర్చున్నాను. భూమి మీద విసిరినట్టే ఒక్క విసురు విసిరాను. వడ్లు లేచాయి. లేస్తూనే ఉన్నాయి. షెడ్డు పైరేకుకు టపటప తగిలి, తీరిగ్గా ఒక్కొక్కటే దిగి అందరి తలల మీదా వాలాయి. ఇక్కడ, కుజుడి మీద, ఏ వస్తువైనా అక్కడి బరువులో మూడో వంతుకు కాస్త ఎక్కువ తూగుతుంది. వచ్చి పద్దెనిమిదేళ్ళయింది కాబట్టి ఆ సంగతి నా కాళ్ళకు తెలుసు. చేట పట్టిన మణికట్టుకు ఈ రోజే తెలిసింది.

పక్క పీట మీది నూకరత్నం జుట్టులోంచి గింజలు ఏరుకుంటూ నవ్వింది. "ఓలమ్మో, ఏటప్పా ఇది! మా అందరి నెత్తినా అచ్చింతలేసేసినావు!"

వాళ్ళమ్మది శ్రీకాకుళం వైపు. అక్కను అప్ప అంటారు. నూకరత్నం పుట్టిందే ఇక్కడ, ఈ గుమ్మటం కింద. చేట పట్టడం, గింజ ఏరడం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందట. ముప్పై రెండేళ్ళు. భూమి బరువు ఆ అమ్మాయి చేతులకు తెలియదు కాబట్టి తప్పు విసురు కూడా తెలియదు.

"అలగ ఇసరకు. ఎగరెయ్యకు. ఊపు, అంతే. ఊపీసి ఊరుకో. అదే దిగుతాది" అని చూపించింది.

"ఎంతసేపు ఊరుకోవాలమ్మా?"

"గింజే సెప్తాది."

కొత్తగా చేరినవాళ్ళు రోజూ ఏం నేర్చుకున్నారో ఈ పుస్తకంలో రాయాలని షెడ్డు ఇన్‌చార్జి రంగధామ్ గారు చెప్పారు. తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుందట. ఇంతకాలం వడ్లు ఏరింది యంత్రం. మొన్నటి దుమ్ము తుఫానులో కరెంటు ఒక్కసారిగా ఎగిసి దాని కన్ను కాలిపోయింది. కొత్త కన్ను పద్నాలుగు నెలల తర్వాత వచ్చే ఓడలో ఉంది. నా కళ్ళద్దాలు కూడా ఆ ఓడలోనే రావాలి. అంతవరకు వంటశాల నుంచి నన్నూ, వేరే పనుల నుంచి ఇంకో ఐదుగురు ఆడవాళ్ళనూ ఇక్కడ కూర్చోబెట్టారు.

ఒక మాట రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. పని మొదలుపెట్టే ముందు మొదటి పిడికెడు వడ్లు తీసి నా టిఫిన్ డబ్బాలో వేశాను. కావాలని చేసింది కాదు. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ చర్చికి వెళ్ళేది, అక్కడినుంచి లేనివాళ్ళ ఇంటికి. వంటశాలలో నేనూ అలాగే చేశాను. చెయ్యి దానంతట అదే వెళ్ళింది.

రోజు 3

ఈ రోజు రంగధామ్ గారు తలుపు మీది బోర్డు అందరిచేతా చదివించారు. "విత్తనం షెడ్డు దాటరాదు."

"ఒక్క గింజ జేబులో దొరికినా పనిలోంచి తీసేస్తాను. ఎవరైనా సరే" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఈ 'గుమ్మటం సన్నాలు' రకం వడ్లను తయారు చెయ్యడానికి పన్నెండేళ్ళు పట్టింది ఆయనకు. ఇక్కడి ఎర్రమట్టిలో ఉప్పును తట్టుకుని పండే రకం ఇదొక్కటే. చలిగదిలో దాచిన విత్తనమంతా ఇప్పుడు బయటికి తీశాము. ఏరిన గింజ దీపాల గదిలోకి వెళ్తుంది. అక్కడ పళ్ళేలలో పరిచి, బూజు పట్టకుండా రోజూ ఒక పూట దీపం వేస్తారు. ఆరు వారాల్లో మొత్తం ఏరడం అయ్యాక నారు పోస్తారు. నాలుగు వందల మంది అన్నం అది.

అప్పుడే చెప్పేయాల్సింది. నా గొంతు మామూలుగానే పక్కవాళ్ళకు వినపడదు, ఈ రోజు నాకే వినపడలేదు. డబ్బా షెడ్డులోనే నా అరలో ఉంది. షెడ్డు దాటించలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. రోజూ పిడికెడు తీయనిదే నా చెయ్యి చేటలోకి వెళ్ళడం లేదు. పాత బట్ట ముక్కలో పొట్లం కట్టి, పైన రోజు అంకె రాసి పెడుతున్నాను. ఆఖరి రోజు అన్నీ చివరి చేటలో పోసేస్తాను.

రోజు 8

వచ్చింది!

ఊపడానికీ ఊరుకోవడానికీ మధ్య ఎంతసేపో నాకు పట్టుబడలేదు ఇన్నాళ్ళూ. ఈ ఉదయం నాలో నేను ప్రార్థన చేసుకుంటూ చెరుగుతున్నాను. గింజ లేచేటప్పుడు "ప్రభువా" అనుకున్నాను. దిగేటప్పుడు "కరుణించు" అనుకున్నాను. సరిగ్గా ఆ మాట పూర్తయ్యేసరికి మంచి గింజ చేట అడుగుకు దిగింది. తాలు గింజ, అంటే లోపల పాలు పోసుకోని ఖాళీ గింజ, ఇంకా గాల్లోనే ఉంది. అప్పుడు చేట కాస్త వెనక్కి లాగితే తాలు ముందు పడుతుంది. నలభై చేటలు చెరిగాను. ఒక్క గింజా పైకి తగల్లేదు.

నూకరత్నం చాలాసేపు చూసింది. "పెదాలాడతన్నాయి. గింజలకి మంత్రమేస్తన్నావేటి?"

"ప్రార్థనమ్మా."

"నీ దేవుడు తాలు గింజలు కూడా సూసుకుంటాడా? అంత కాళీగా ఉన్నాడేటి?" అంది. మధ్యాహ్నానికి చూస్తే తన పెదాలు కూడా ఆడుతున్నాయి. ఏమనుకుంటున్నావమ్మా అని అడిగితే, "ఒకటీ రెండూ" అంది.

తర్వాత వచ్చేవాళ్ళకు: ఏ మాటైనా సరే. మూడక్షరాలు పైకి, నాలుగక్షరాలు కిందికి.

రోజు 11

చేట అయ్యాక వేళ్ళ పని. గింజలు పళ్ళెంలో పలచగా పరిచి పుచ్చులూ, విరిగినవీ, బెరుకులూ తీయాలి. మొదటి రెండూ తేలిక. బెరుకులంటే వేరే రకం గింజలు, ఎప్పుడో కలిసిపోయినవి. బెరుకు మొలిస్తే దాని కంకి పండీ పండకముందే రాలిపోతుంది. వచ్చే పంటలో మడంతా అదే మొలుస్తుంది. వెయ్యి గింజల్లో పదో పన్నెండో ఉంటాయి. చూడ్డానికి అచ్చం మంచి గింజే. ముక్కు దగ్గర చిన్న నల్లచుక్క ఉంటుందని నూకరత్నం చెప్పింది. గీతలు పడ్డ ఈ కళ్ళద్దాలకు ఆ చుక్క కనపడలేదు.

సాయంత్రం నేను ఏరిన పళ్ళెంలోంచి తను మళ్ళీ తొమ్మిది బెరుకులు తీసింది. సిగ్గేసింది.

"దానికేటప్పా ఏడుపు మొకం! మాయమ్మకి కుజదోసం అన్నారంట, పెళ్ళవదన్నారంట. ఆకరికి మొగుణ్ణి ఎంటబెట్టుకుని కుజుడి మీదికే వొచ్చీసి కాపరం ఎట్టింది. ఏదో దారుంటాది" అంది.

రోజు 16

దారి బొటనవేలిలో ఉంది. మంచి గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లిస్తే పల్లం తగిలి ఒక చోట ఆగుతుంది. బెరుకు గుండ్రం, ఆగకుండా దొర్లుతుంది. ఈ రోజు కళ్ళు మూసుకుని ఏరాను. నూకరత్నం పళ్ళెమంతా వెతికి ఒక్క బెరుకు కూడా పట్టుకోలేకపోయింది. తన పళ్ళెం నాకిచ్చింది. నేను అందులోంచి రెండు తీశాను.

"ఇదిగో, ఇదేటి!" అని పీట మీంచి లేచి షెడ్డంతా వినపడేలా అరిచింది. "ముసిల్దానికి ఏలికి కళ్ళున్నాయి!"

నాకు యాభయ్యే.

రోజు 20

వారానికొకసారి దీపాల గదిలోంచి వంద గింజలు తెచ్చి తడిగుడ్డలో మొలకెత్తిస్తారు రంగధామ్ గారు. పోయిన వారం తొంభై మొలిచాయట. ఈ వారం డెబ్భై ఒకటి. ఆయన మా చేతుల వంక చూశారు.

రోజు 27

ముప్పై ఎనిమిది.

"చేతి చెమటమ్మా" అన్నారు రంగధామ్ గారు. "చెమటలో ఉప్పు, నూనె. యంత్రం ఏరినన్నాళ్ళు ఇలా లేదు. రేపటి నుంచి గ్లౌజులు."

"దీపాలు సరిగ్గానే ఉన్నాయా బాబూ?" అని అడిగాను. నేను గట్టిగా అడిగిన మొదటి ప్రశ్న అదే కావచ్చు.

"గది తలుపు మీద పచ్చ లైటు వెలుగుతోంది. యంత్రం అబద్ధం చెప్పదు దీనమ్మగారూ" అన్నారు మర్యాదగానే.

ఆయన వెళ్ళాక నూకరత్నం, "మన సేతులే అబద్ధం సెప్తాయి మరి" అని గొణిగింది.

రోజు 34

గ్లౌజులతో వేలికి ఏమీ తెలియడం లేదు. బెరుకులు దాటిపోతున్నాయని తెలిసి కూడా పంపించాల్సి వస్తోంది. ఈ వారం తొమ్మిదే మొలిచాయి.

వంటశాలలో పాత స్నేహితులు బియ్యం ఎన్నాళ్ళకు ఉందో చెప్పారు. ఎనిమిది నెలలకు. ఓడ రావడానికి పదమూడు నెలలు. తిండి వడ్లన్నీ ఎప్పుడో మరపట్టేశారు, బియ్యం మొలవదు. ఈ విత్తనం మొలవకపోతే ఇంకేదీ లేదు.

రోజు 41

ఆఖరి చేట. పొట్లాలు అందులో పోసేయాలని పొద్దున్నే డబ్బా కిందికి దించాను. మధ్యాహ్నం ప్రార్థన చేసుకుని వచ్చేసరికి చివరి పళ్ళేలు కూడా దీపాల గదికి వెళ్ళిపోయాయి. నా డబ్బా నా దగ్గరే మిగిలింది. ఐదు ఆదివారాలు పోను ముప్పై ఆరు పొట్లాలు. దేవుడి వాటా అని తీసి, దేవుడికీ ఇవ్వక, మనుషులకూ ఇవ్వక దాచుకున్నదాన్నయ్యాను.

రోజు 45

ఒక్కటి కూడా మొలవలేదు. నూటికి తొమ్మిదైనా దక్కుతాయని మొత్తం విత్తనాన్ని నానబోసి, మొలకెత్తడానికి గోనెలు కప్పి మండె కట్టారు. నాలుగో రోజు గోనె తీస్తే మొలక వాసన రాలేదు. తడిసిన గడ్డి వాసన వచ్చింది.

రంగధామ్ గారు చాలాసేపు ఆ కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. తర్వాత లేచి, "చేతి పని ఇక్కడితో ఆపేస్తున్నాం. మీరంతా ఎవరి పాత పనికి వాళ్ళు వెళ్ళండి" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

నూకరత్నం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. "నాలుగొందల మంది నోటి కాడ కూడు ఈటితోనే సంపేసినానా అప్పా?" అని అడిగింది. ఎప్పుడూ నవ్వే మనిషి.

అప్పుడే నిశ్చయించుకున్నాను.

రోజు 46

ఉదయం అందరూ అరలు ఖాళీ చేసుకుంటుండగా డబ్బా తీసుకెళ్ళి రంగధామ్ గారి బల్ల మీద పెట్టాను. చెప్పాను.

"ఏమిటి? గట్టిగా చెప్పండమ్మా."

ఇంకోసారి చెప్పాను. ఆయన మూత తీసి, ఒక పొట్లం విప్పి, గింజలు చూసి నా వంక చూశారు.

"విత్తనం దాచారా? ఎన్ని రోజుల నుంచి?"

"మొదటి రోజు నుంచి బాబూ. రోజూ మొదటి పిడికెడు."

"బోర్డు చదివారు కదా మీరు! నా ముందే చదివారు!"

"చదివాను."

"దీన్నేమంటారో తెలుసా?"

వెనకనుంచి నూకరత్నం వచ్చింది. "దొంగతనం అంటారు. దొంగయితే మూట తెచ్చి మీ బల్ల మీద ఎడతాదేటి? ఆగండి బాబూ, ఒక్క పాలి ఆగండి. ఈ గింజలు దీపాల గదికి ఎల్లాయా?"

రంగధామ్ గారు నా వంక తిరిగారు.

"అప్పా, ఎల్లాయా?"

"లేదమ్మా. చేట నుంచి నేరుగా డబ్బాలోకే."

"మరి నీ సేత్తోనే తీసినావు కదా? గ్లౌజులు లేకుండా?"

"రోజూ చేత్తోనే. గ్లౌజులు వచ్చాక కూడా అది మాత్రం ఉత్త చేత్తోనే తీశాను" అన్నాను. దేవుడి వాటా గ్లౌజుతో ఎలా తీస్తాను?

రంగధామ్ గారు కుర్చీలో కూర్చున్నారు. కోపం మొహం మీద ఉండగానే, దాని వెనక ఆలోచన కదలడం చూశాను. "నూట ఇరవై గింజలు" అన్నారు. "మీరే ఏరండి. చేత్తో. గ్లౌజులు వద్దు. ఎంత చెమట పడితే అంత పట్టనివ్వండి."

వంద గింజలు తడిగుడ్డలో చుట్టి వంటశాలలో పొయ్యి పక్కన పెట్టాను. ఆ చోటు వెచ్చదనం నాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. మిగతా ఇరవై ఆయన దీపాల గదిలో ఒక పూట ఉంచి తెచ్చారు. వాటిని ఇంకో గుడ్డలో చుట్టి పక్కనే పెట్టాము.

రోజు 49

ఆదివారం. ప్రార్థన అయ్యాక వంటశాలకు వెళ్ళాను. నూకరత్నం, రంగధామ్ గారు అప్పటికే పొయ్యి దగ్గర నిలబడి ఉన్నారు. ఇద్దరూ గుడ్డ ముట్టుకోలేదు.

"నువ్వే ఇప్పాల" అంది నూకరత్నం.

ముడి విప్పకముందే తెలిసింది. మొలక వాసన, తియ్యగా, కాస్త పుల్లగా, మా ఊళ్ళో తొలకరికి ఇంటింటా వచ్చే వాసన. గుడ్డ తెరిస్తే తెల్లని మొలకలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. రంగధామ్ గారు లెక్కపెట్టారు. తొంభై నాలుగు. రెండో గుడ్డ విప్పారు. ఇరవైలో ఒక్కటి కూడా లేదు.

ఆయన దీపాల గదికి వెళ్ళి, గంట తర్వాత తిరిగి వచ్చారు. తుఫాను రోజు ఎగిసిన కరెంటు యంత్రం కన్నుతో పాటు దీపాన్ని కూడా చెడగొట్టింది. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, దీపం మాత్రం రోజురోజుకూ ముదురుతూ ఇప్పుడు ఉండాల్సినదానికి ఏడింతలు కాస్తోంది. బూజుతో పాటు గింజనూ మొదట్లో కొంచెం కొంచెం చంపింది, ఇప్పుడు ఒక్క పూటలోనే చంపేస్తోంది.

"సేతులు కాదన్నమాట" అంది నూకరత్నం.

"చేతులు కాదు" అన్నారు ఆయన. ఆ మాట మళ్ళీ చెప్పమంది నూకరత్నం. మళ్ళీ చెప్పారు.

తను చేతులు రెండూ పైకెత్తి వంటశాలంతా తిరిగింది. తర్వాత వచ్చి నన్ను ఎత్తేసింది. ఇక్కడ మనిషిని ఎత్తడం పెద్ద కష్టం కాదు, అయినా పద్దెనిమిదేళ్ళలో నన్నెవరూ ఎత్తలేదు.

రోజు 53

నాలుగు రోజులు ఇద్దరమే ఏరాము. ముప్పై ఆరు పిడికిళ్ళు. మొదటి పిడికెడు కాబట్టి చెరగనివి, తాలూ బెరుకులూ అన్నీ కలిసి ఉన్నవి. ఈసారి ఒక్క బెరుకు దాటినా రాబోయే పంటలన్నింటిలోనూ అదే ఉంటుంది. మంచి గింజ ఒక్కటి పారేసినా ఒక మొక్క పోయినట్టే. చేట ఊపి ఊరుకుని, బొటనవేలితో దొర్లించి, అనుమానమొస్తే నూకరత్నం కళ్ళకిచ్చి, తనకు అనుమానమొస్తే నా వేలికిచ్చి.

ముప్పై ఏడు వేల మంచి గింజలు తేలాయి. ఒక్కో గింజకు ఒక్కో మొక్క చొప్పున దూరదూరంగా నాటితే అరెకరం దాటి వస్తుందన్నారు రంగధామ్ గారు. అది పండితే గుమ్మటానికంతటికీ విత్తనం. ఆ తర్వాతి పంట కోతకు వచ్చేదాకా వంటశాలలో గంజి ఎంత పలచన చెయ్యాలో నేను చెప్పాను. ఆ లెక్క నాకు బాగా వచ్చు.

వెళ్ళబోతూ ఆయన ఆగి, "ఆ పిడికెడు ఎందుకు తీశారు దీనమ్మగారూ? నిజంగా?" అని అడిగారు.

"మా అమ్మ తీసేది బాబూ. లేని రోజు కూడా తీసేది. మనకు లేని రోజు ఎవరికో ఉండాలి కదా అనేది."

ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. సాయంత్రం చూస్తే బోర్డు మీద పాత వాక్యం కింద కొత్త వాక్యం ఉంది. "ప్రతి రోజు మొదటి పిడికెడు పక్కన పెట్టవలెను. దీపాల గదికి పంపరాదు." బోర్డు కింద మూతతో సహా ఒక మట్టికుండ. ఎర్రమట్టితో ఆయనే చేయించారట. కాస్త వంకరగా ఉంది.

రోజు 66

నారుమడి పచ్చబడింది. నాలుగు వందల మందీ వంతులవారీగా వచ్చి చూసి వెళ్తున్నారు. వంగి, ఒక ఆకును వేలితో తాకి వెళ్తారు.

రోజు 191

కోత అయింది. పదిహేను బస్తాలు నిండాయి. షెడ్డు నిండా కొత్త వడ్ల వాసన, అందరికీ తుమ్ములు. పీటలు ఆరు నుంచి పన్నెండయ్యాయి. గ్లౌజులను గొట్టాల పనివాళ్ళకు ఇచ్చేశాము.

ఉదయం అందరం కూర్చున్నాక రంగధామ్ గారు కుండ తెచ్చి నా ముందు పెట్టారు. మొదటి బస్తాలోంచి పిడికెడు తీసి వేశాను. ఆరు వారాలు చాటుగా తీసిన చెయ్యి, ఈసారి అందరూ చూస్తుండగా తీసింది. నూకరత్నం కూడా ఒక పిడికెడు తీసి వేసింది. "ఇది నీ దేవుడిది కాదు, మీయమ్మది" అంది.

కొత్తగా చేరినవాళ్ళలో కోటిలింగం అని భూమి నుంచి వచ్చి రెండేళ్ళయిన మనిషి ఉన్నాడు. బాగా కండ ఉన్నవాడు. వాళ్ళ ఊళ్ళో వడ్లు తూర్పారబట్టిన చెయ్యి అని చెప్పుకుంటూ చేట పట్టుకుని, నేను నోరు తెరిచేలోపే ఒక్క విసురు విసిరాడు.

వడ్లు లేచాయి. లేస్తూనే ఉన్నాయి. రేకుకు టపటప తగిలాయి. అందరూ తలలు పట్టుకున్నారు. నేను లేచి నిలబడి, నా చేట పట్టుకుని, "ప్రభువా" అనుకుని ఆగాను. "కరుణించు" అనుకునేసరికి గింజలు నెమ్మదిగా నా ఎత్తుకు దిగాయి. చేట ఇటొకసారి, అటొకసారి చాపి అందుకున్నాను. ఒక్క గింజ కూడా నేల మీద పడలేదు.

కోటిలింగం తన ఖాళీ చేట వంక చూసుకున్నాడు.

"ఎగరెయ్యకు నాయనా. ఊపు, అంతే" అన్నాను. షెడ్డు ఆ చివరిదాకా వినపడింది.